ఫ్రీ త్రో మిస్ అయ్యాక కొట్టే పుట్‌బ్యాక్ డంక్: కొట్టినవాడి గొప్పా, అడ్డుకోవాల్సినవాడి నిద్రా?

నెల్లూరు ఫార్వర్డ్

పోయిన ఆదివారం నెల్లూరులో ఒక కాలేజీ గ్రౌండ్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూశాను, అప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో గొడవే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఇంక కొన్ని సెకన్లే ఉన్నాయి, మావాళ్లు రెండు పాయింట్లు వెనకున్నారు. రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి ఇచ్చే, ఎవరూ అడ్డురాని ఒక్కో పాయింటు షాట్లు) దొరికాయి. మొదటిది పడింది. రెండోది రింగ్ వెనక అంచుకి తగిలి నిట్టనిలువునా పైకి లేచింది. లేన్ (రింగ్ ముందు గీసిన డబ్బా) పక్కన రెండో చోట నిలబడ్డ మా కుర్రాడు ఎట్టా దూరాడో తెలియదు, గాల్లోనే రెండు చేతులతో బంతి అందుకుని కిందకి కూడా దిగకుండా అట్టాగే రింగ్‌లోకి గుద్దేశాడు, పుట్‌బ్యాక్ డంక్ అంటే అదే. రింగ్ ఊగిపోయింది, గోడ మీద కూర్చున్నవాళ్లంతా కోర్టులోకి దూకేశారు. ఒక్క పాయింట్‌తో గెలిచాం.

గ్రూపులో సగం మంది అది లక్కు అంటున్నారు, బంతి వచ్చి వాడి చేతిలో పడిందట. నేను పదేళ్లు ఆడినవాణ్ని, నా మాట ఒక్కటే. బాస్కెట్‌బాల్‌లో ఇంతకన్నా కష్టమైన రెండు పాయింట్లు లేవు. మీరేమంటారు?

ఒంగోలు పీఈటీ

తమ్ముడూ, కుర్రాడి ఎగురుడు బాగుంది, కాదనను. కానీ చివరి ఫ్రీ త్రో అప్పుడు లేన్ పక్కన ఎవరెవరు నిలబడతారో ఒకసారి లెక్కేసుకో. డిఫెన్స్ వాళ్లు ముగ్గురు, షూటర్ జట్టు వాళ్లు ఇద్దరు. రింగ్‌కి దగ్గరున్న రెండు చోట్లూ డిఫెన్స్ వాళ్లవే. మనిషి ఎక్కువ, చోటు దగ్గర. బంతి చెయ్యి వదలగానే ఒక అడుగు లోపలికేసి పక్కవాణ్ని వీపుతో ఆపడమే వాళ్ల పని. ఆ ఒక్క అడుగు వెయ్యకుండా మంచి చోటు దొరికింది కదా అని నిలబడితే ఏమవుతుంది? ఇల్లలకగానే పండగ కాదు కదా.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నాను. ఇట్టాంటి డంక్ చూసినప్పుడల్లా నా కళ్లు కొట్టినవాడి మీదకి పోవు, వాడి కింద తల పైకెత్తి బంతినే చూస్తూ ఉండిపోయినవాడి మీదకి పోతాయి. ఇట్టాంటి డంక్ వీడియో ఒకటి చూసి మా పిల్లలు మర్నాడే రింగ్‌కి వేలాడటం మొదలుపెట్టారు. మన ఊళ్లలో ఉన్నవి సిమెంటు కోర్టులు. రింగులు స్ప్రింగ్ లేనివి, బోర్డుకి బిగించేసినవి. నాలుగు రోజులు వేలాడితే ముందుకి వంగిపోతాయి, అది మళ్లీ 3.05 మీటర్లకి వచ్చేది ఎప్పుడు, ఎవరు చేయిస్తారు? మోకాళ్ల సంగతి సరేసరి.

నెల్లూరు ఫార్వర్డ్

సార్, రింగుల సంగతి మీరన్నది నిజమే, ఒప్పుకుంటా. కానీ చోటు వాళ్లకే దగ్గరైనప్పుడు, మనుషులూ వాళ్లకే ఎక్కువైనప్పుడు, దాన్ని దాటి లోపలికి వచ్చినవాడి గొప్ప పెరుగుతుందా తగ్గుతుందా? బంతి చెయ్యి వదలకముందు వాడు గీత దాటకూడదు. దాటాడని రెఫరీ చూస్తే మిస్ అయిన బంతి అవతలి జట్టుకి పోతుంది. వదిలాక రింగ్‌ని చేరడానికి అటూ ఇటూగా ఒక్క సెకను. ఆ సెకనులో పక్కవాణ్ని దాటాలి, బంతి ఎటు లేస్తుందో పసిగట్టాలి, పైగా పరుగు లేకుండా నిలబడ్డ చోటు నుంచి ఎగరాలి. ఖాళీగా ఉన్న రింగ్‌కి పరుగెత్తుకొచ్చి కొట్టే డంక్‌కీ దీనికీ పోలికే లేదు.

కావలి అమ్మాయి, సెంటర్

అన్నా, సార్, మీ ఇద్దరూ రెండు వేరే విషయాల్ని కలిపేస్తున్నారు. లోపలి చోటు సంపాదించడం ఒకటి, డంక్ కొట్టడం ఇంకొకటి. నేను ఆరో నంబరు బంతితో (అమ్మాయిల సైజు) ఆడతాను, డంక్ నాకు అందదు, మా జట్టులో ఎవరికీ అందదు. అయినా ఫ్రీ త్రో మిస్ అయితే వేలి కొసలతో బంతిని బోర్డుకి తాకించి ఎన్నోసార్లు రెండు పాయింట్లు తెచ్చాను. ఎవరూ వీడియో తీయలేదు. ఆ ఒక్క సెకను పని నాదీ అదే, ఆ కుర్రాడిదీ అదే.

నేను చూసేది షూటర్ మోచెయ్యి. మా షూటర్‌కి అలసట వచ్చిందంటే మోచెయ్యి కిందకి జారుతుంది, బంతి ముందు అంచుకి తగిలి కుడి వైపుకి పడుతుంది. అది తెలిసి ముందే బరువు కుడి కాలి మీదకి తెచ్చుకుంటాను. దీన్ని లక్కు అనేవాళ్లని ఒక్కసారి ఆ చోట నిలబెట్టాలనిపిస్తుంది.

రూల్స్ బుక్, దర్గామిట్ట

రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, మన మ్యాచ్‌లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్‌తో నడుస్తాయి, టీవీలో చూసేది ఎన్‌బీఏ, అంటే అమెరికా లీగ్. ఫీబాలో చివరి ఫ్రీ త్రో రింగ్‌ని తాకిన తర్వాత బంతి రింగ్ పైన తిరుగుతున్నా చెయ్యి పెట్టొచ్చు. ఎన్‌బీఏలో రింగ్ పైన ఉన్న బంతిని ముట్టుకుంటే తప్పు, పక్కకి వచ్చేదాకా ఆగాలి. కాబట్టి ఆ కుర్రాడి డంక్ ఇక్కడ నూటికి నూరు పాళ్లూ కరెక్టే, గ్రూపులో ఎవరో తప్పు అన్నారట, వాళ్లకి చూపించండి. రింగ్ పట్టుకోవడం కూడా డంక్ తర్వాత ఒక్క క్షణం అయితే ఫౌల్ కాదు.

రెండోది, పీఈటీ సార్‌కి. డంక్ అంటే షో అంటారు గానీ, చివరి సెకన్లలో బంతి చేతికొచ్చినప్పుడు అక్కడికక్కడే పైకి పోవడం అన్నిటికన్నా పెద్ద తెలివి. 2018 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్ గుర్తుందా? 107-107, 4.7 సెకన్లు ఉండగా క్లీవ్‌లాండ్ ఆటగాడు జార్జ్ హిల్ రెండో ఫ్రీ త్రో మిస్ చేశాడు. రీబౌండ్ (మిస్ అయి తిరిగొచ్చిన బంతి) అదే జట్టు జేఆర్ స్మిత్ చేతికే వచ్చింది, రింగ్ కిందే ఉన్నాడు. పైకి వెయ్యకుండా బయటికి డ్రిబుల్ చేసుకుంటూ పోయాడు. ఓవర్‌టైమ్‌లో క్లీవ్‌లాండ్ 124-114తో ఓడింది. ఫ్రీ త్రో కాకపోయినా ఇంకోటి చూడండి. 2025 ఏప్రిల్ ప్లేఆఫ్స్‌లో డెన్వర్ ఆటగాడు యోకిచ్ మూడు పాయింట్ల షాట్ మిస్ అయితే అదే జట్టు ఆరన్ గోర్డన్ గాల్లోనే పట్టి గుద్దాడు, బంతి చెయ్యి వదిలిందా గంట మోగిందా అని రీప్లేలో చూడాల్సి వచ్చింది. డెన్వర్ 101-99తో గెలిచింది. వాడు ఒకసారి కిందకి దిగి మళ్లీ ఎగిరుంటే టైమ్ అయిపోయేది.

ఒంగోలు పీఈటీ

స్మిత్ మాట నేనూ ఒప్పుకుంటాను, పైకి వెయ్యాల్సిందే. కానీ మెత్తగా వేసినా అవే రెండు పాయింట్లు బాబూ. గట్టిగా గుద్దబోతే వెనక అంచుకి తగిలి బంతి సగం కోర్టు దాకా ఎగిరిపోవడం ఎన్నిసార్లు చూశాను. మా దగ్గర బండలాగుడు పోటీలకి పోతే జనం చివరి లాగుడుకి ఈలలేస్తారు, ఎడ్లని ఏడాదంతా మేపి నడిపించినవాడి మొహం ఎవరూ చూడరు. నా బాధ అదే. కావలి అమ్మాయీ, నువ్వు చెప్పిన మోచెయ్యి సంగతి మా పిల్లలకి రేపే చెబుతాను, నిజంగా మంచి మాట.

కావలి అమ్మాయి, సెంటర్

థాంక్యూ సార్. కానీ చెయ్యి అందేవాడికి డంకే మేలు. టిప్ చేసేటప్పుడు నా చేతిలో బంతి ఉండదు, వేలికి తగిలి పోతుంది, పది సార్లలో ఎన్నో సార్లు బయటికి దొర్లింది. వాడి రెండు చేతుల్లో గట్టిగా ఉంది.

లేన్‌లో మొదటి చోటు

ఇది చదువుతూ రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రోజు అవతలి జట్టు తరఫున ఆ కుర్రాడి పక్కన నిలబడింది నేనే.

పీఈటీ సార్, నేను నిద్రపోలేదు. వీపు తిప్పాను, అడుగు కూడా వేశాను. జరిగింది ఇది. మొదటి ఫ్రీ త్రో అప్పుడు మిస్ అయినా రీబౌండ్ ఉండదు, అందరం ఊరికే కదులుతాం. వాడు మాత్రం మధ్యలోకి గట్టిగా ఒక అడుగు వేసి, నన్ను భుజంతో ఆనుకుని చూశాడు. నేను ఎంత జరుగుతానో చూసుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. రెండోదానికీ అదే అడుగు, అదే భుజం. నేను మధ్యలోకి జరిగి ఆపాను. ఒక్కసారిగా నా వీపు మీద బరువు లేదు. వాడు నా వెనక నుంచి బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) వైపు తిరిగి పోయాడు. నేను తల తిప్పేసరికి వాడి మోకాళ్లు నా భుజం ఎత్తులో ఉన్నాయి.

ఇంటికొచ్చి రాత్రంతా అదే తిరిగింది బుర్రలో. లక్కు మాత్రం కాదు. వాడు నన్ను మొదటి ఫ్రీ త్రోలోనే చదివేశాడు.

నెల్లూరు ఫార్వర్డ్

తమ్ముడూ, ఈ మాట రాసినందుకు చాలా థాంక్స్. నేను గోడ మీద నుంచి చూశాను కాబట్టి నాకు ఎగరడం ఒక్కటే కనపడింది, ఆ మొదటి అడుగు నేనూ చూడలేదు.

ఒంగోలు పీఈటీ

బాబూ, నిద్ర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు వీపు ముందు తిప్పావు, కాలు తర్వాత వేశావు, అక్కడ దొరికావు. వాడికి దగ్గరున్న కాలు ముందు వాడి దారికి అడ్డంగా పడాలి, అది నేలకి ఆనాకే వీపు తిప్పాలి. తిప్పాక చేతులు మోచేతుల దగ్గర వెడల్పు చేసి ఉంచితే, వాడు ఏ పక్కకి జారినా ముందు నీ మోచేతికి తెలుస్తుంది.

లేన్‌లో మొదటి చోటు

మోచేతులు వెడల్పు చేస్తే రెఫరీ ఫౌల్ ఇస్తాడేమో సార్?

ఒంగోలు పీఈటీ

నీ వెడల్పు లోపల ఉన్నంతవరకు ఇవ్వడు. వెనక్కి పొడిస్తేనే ఇస్తాడు. ఒంగోలు వైపు వస్తే సాయంత్రం అయిదున్నరకి గ్రౌండ్‌లోనే ఉంటాను, మా పొడుగు పిల్లాణ్ని పక్కన నిలబెట్టి చూపిస్తాను.