‘క్యారెక్టర్ యాక్టర్’, ‘ప్లేరైట్’: తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఆర్నాల్డ్ రిడ్లీ (1896–1984) గురించిన వ్యాసంలో ‘బ్రిటిష్ క్యారెక్టర్ యాక్టర్, ప్లేరైట్’ అని ఉంది. అనువాద యంత్రం ‘బ్రిటిష్ పాత్ర నటుడు’ అంటోంది. సరైన మాటలేవి?

జవాబు: ‘పాత్ర నటుడు’ తప్పండీ. పాత్ర లేకుండా నటించేదెవరు? ‘సహాయ నటుడు’ కూడా కుదరదు, అది అవార్డుల విభాగానికి సరిపోయే మాట. మాయాబజార్ (1957)లో ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుణ్ణి సహాయ పాత్ర అంటే మనసొప్పుతుందా? ‘గుణచిత్ర నటుడు’ రాతలో కనిపిస్తుంది, తమిళంలోనూ అదే మాట ఉంది, కానీ మన నోట పలికేది ‘క్యారెక్టర్ ఆర్టిస్టు’. ఇక్కడో మెలిక: మనకు ఆ మాట వినగానే తండ్రి, మామ వేషాలు గుర్తొస్తాయి. ఇంగ్లీషులో వయసు పట్టింపు లేదు, మనిషి తీరు కొట్టొచ్చినట్టు కనిపించే పాత్ర అయితే చాలు. అందుకే మొదటిసారి ‘విలక్షణ పాత్రల నటుడు’ అని రాసి, తర్వాత క్యారెక్టర్ ఆర్టిస్టు అనండి.

మరో జవాబు: ‘ప్లేరైట్’లోని ‘రైట్’కి రాయడంతో సంబంధం లేదు. బండిచక్రాలు చేసేవాడు వీల్‌రైట్, ఓడలు కట్టేవాడు షిప్‌రైట్. అంటే చేసేవాడు, పనివాడు. ఇంగ్లీషు కవి, నాటకకర్త బెన్ జాన్సన్ కాలంలో అది ఎత్తిపొడుపు: కవి కాదు, నాటకాలు బిగించే పనివాడని. కాబట్టి ‘నాటకకర్త’ అచ్చంగా అతుకుతుంది. ‘నాటక రచయిత’ కూడా తప్పేమీ కాదు. రచన అంటే మొదట కూర్చడమే కదా, వ్యూహరచనలో కలం ఎక్కడుంది?

ఇంకొక జవాబు: రిడ్లీ విషయంలో వరుస కూడా చూడాలి. మాంగట్స్‌ఫీల్డ్ స్టేషన్లో రైలు కోసం పడిగాపులు పడ్డప్పుడు పుట్టిన ఆలోచనే ఆయన నాటకం ‘ద ఘోస్ట్ ట్రెయిన్’. అది 1925లో రంగస్థలమెక్కింది. టీవీ హాస్య ధారావాహిక ‘డాడ్స్ ఆర్మీ’ (1968–77) మొదలయ్యేనాటికి ఆయనకు 72 ఏళ్లు. అందులో ఆయన వేసిన పాత్ర గాడ్‌ఫ్రీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనన్నవాడు, రిడ్లీ మాత్రం 1916లో సోమ్ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డ సైనికుడు. అదీ విలక్షణ పాత్ర అంటే! పేరు తెచ్చిన రెండు పనుల మధ్య 43 ఏళ్లు ఉన్నాయి కనుక నాటకకర్తే ముందు రావాలి. ‘కెరీర్’కి ‘సినీ ప్రస్థానం’ అని రాయకండి, నాటకం, రేడియో, టీవీ జారిపోతాయి. ‘నట, రచనా జీవితం’ చాలు.

వాక్యం ఇలా: ‘ఆర్నాల్డ్ రిడ్లీ బ్రిటిష్ నాటకకర్త, విలక్షణ పాత్రల నటుడు.’