అమ్మకు 19వ నంబరు వాల్వు వేశారు. చిన్నదైపోయిందా?

చౌరస్తా చెప్పుల దుకాణం, వరంగల్:
రోజంతా నంబర్లతోనే నా బతుకు. ఇప్పుడు ఒక నంబరే నిద్ర పట్టనివ్వడం లేదు. అమ్మకు 66 ఏళ్లు. గుండెలోని బృహద్ధమని వాల్వు గట్టిపడి ఇరుకైతే మూడు నెలల క్రితం ఆపరేషన్ చేసి జంతు కణజాలంతో చేసిన వాల్వు పెట్టారు. కాగితం మీద 19 మి.మీ. అని ఉంది. మా వీధిలో ఒకాయనకు 27 వేశారట! అమ్మ ఎత్తు 150 సెం.మీ., బరువు 72 కిలోలు. ఎకోలో (గుండె స్కానింగులో) వాల్వు వైశాల్యం 1.2 చదరపు సెం.మీ., సగటు గ్రేడియంట్, అంటే వాల్వుకు అటూ ఇటూ రక్తపు ఒత్తిడిలో తేడా, 18 అని రాశారు. ఇదివరకు పద్మాక్షి గుట్ట పది మెట్లెక్కితే కూలబడేది. మొన్న ఒక్కసారి ఆగి పైదాకా వెళ్లింది. అయినా ఆయాసం పూర్తిగా పోలేదు. ఇరుకు చెప్పు తొడిగి పంపారా?

ఎకో గది, హనుమకొండ:
అన్నా, ఒక కంపెనీ 7వ నంబరు చెప్పు పట్టిన కాలికి ఇంకో కంపెనీ 7 పట్టదని మీకు నేను చెప్పాలా? వాల్వు నంబరూ అంతే. రక్తం పారే దారి ఎంతన్నదే లెక్క, దాన్ని మనిషి ఒంటి వైశాల్యంతో భాగించాలి. ఎత్తును బరువుతో హెచ్చవేసి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే అమ్మగారికి 1.73 చదరపు మీటర్లు. 1.2ను దానితో భాగిస్తే 0.69. అదే వాల్వు అదే ఎత్తున్న 48 కిలోల మనిషికైతే 0.85 వచ్చేది.

మామూలుగా 0.85, అంతకు తక్కువైతే వాల్వు ఒంటికి చాలలేదంటారు, 0.65కు దిగితే తీవ్రం. స్థూలకాయులకు ఆ హద్దులు 0.70, 0.55. అమ్మగారి ఎత్తుకు ఆ బరువు స్థూలకాయం కిందికే వస్తుంది కాబట్టి 0.69తో అంచు మీద ఉన్నారు, తీవ్రం కాదు. ఈ సంగతిని 1978లోనే రహీంతులా అనే వైద్యుడు రాశారు. తీవ్రమైనప్పుడు గుండె కండరం మందం సరిగా తగ్గదు, గుండె వైఫల్యం, మరణం ముప్పు పెరుగుతాయి. గుండె బలం ముందే తగ్గినవారికి ఇంకా కష్టం.

పెద్దది ఎందుకు వేయలేదంటారా? లోపలి వలయాన్ని కొలిచే వేస్తారు. ధమని మొదలును కోసి, అతుకు వేసి వెడల్పు చేసే పద్ధతి ఉంది కానీ గుండెను ఆపి ఉంచే సమయం పెరుగుతుంది. ఎవరికి చేయాలో అక్కడున్న సర్జనే తేల్చుకోవాలి.

ఈ మొదటి ఎకో కాగితం పారేయకండి. చిన్న వాల్వు ఇబ్బంది మొదటి రోజు నుంచే ఉంటుంది. గ్రేడియంట్ తర్వాత పెరిగితే రక్తపు గడ్డో, వాల్వు పాడవడమో అని వెతకాలి. రక్తహీనత ఉన్నా అది పెరుగుతుంది, ఆయాసమూ వస్తుంది. హీమోగ్లోబిన్ చూపించారా?

జమ్మికుంట రైతు:
మీ వీధి ఆయనది మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది, అయి ఉంటుంది, అడగండి. నాదీ అదే, 27, లోహపుది. కీళ్లవాతం జ్వరం పుణ్యం. ఆ వలయమే పెద్దది, 19తో పోలికేమిటి? నంబరు బాగున్నా నేను పత్తి ఏరే రోజుల్లో రక్తం పలుచబడే మాత్ర పది రోజులు మరిచాను. రాత్రి వినిపించే టిక్ టిక్ మందగించింది. గడ్డ కట్టిందన్నారు. నా కొంప ముంచబోయింది మాత్రే, సైజు కాదు.

చౌరస్తా చెప్పుల దుకాణం, వరంగల్:
అడిగాను, మైట్రలే. అమ్మ హీమోగ్లోబిన్ 9.1. డాక్టరు గారు ముందు దాని సంగతి చూద్దామన్నారు. ఎకో కాగితం గల్లాపెట్టెలో పెట్టాను.