దక్షిణ అమెరికా పాఠం: ముందు దేశాల పేర్లా, జనం పటమా?

కావలి సోషల్ టీచర్

ఎనిమిదో తరగతి పిల్లలకు దక్షిణ అమెరికా చెప్పాలి. మా స్టాఫ్ రూంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మామూలుగా ఏం చేస్తామో అందరికీ తెలుసు. గోడకు రాజకీయ పటం తగిలిస్తాం, బెత్తంతో చూపిస్తూ బ్రెజిల్, పెరూ, చిలీ అనిపిస్తాం, అవుట్‌లైన్ మ్యాపులో గుర్తించమంటాం. 12 దేశాలు, 12 రాజధానులు, పాఠం అయిపోయింది. ఆ రంగుల పటాన్ని మొదటి వారం బయటికి తీయకూడదంటాను నేను. దేశం మొత్తానికి ఒకే రంగు పూసి ఉంటే, రంగున్న చోటల్లా ఊళ్ళున్నాయనుకుంటారు పిల్లలు.

నేను అనుకున్న పద్ధతి ఇది. చార్టు మీద ఖండం గీత, పెద్ద నదులు, ఆండీస్ కొండలు మాత్రం గీస్తాం. ఒక పెసర గింజ పది లక్షల మంది అనుకుందాం. ఖండం మొత్తం జనాభా 43 కోట్ల చిల్లర, అంటే సుమారు 430 గింజలు. ఎక్కడెక్కడ పెట్టాలో పిల్లలనే పెట్టమంటాం. నాకు తెలిసి అంతటా సమానంగా చల్లేస్తారు. అప్పుడు జనసాంద్రత పటం చూపిస్తే గింజలన్నీ లోపలి నుంచి అంచులకు జరపాల్సి వస్తుంది. సావో పాలో మహానగరం ఒక్కదానికే 20 గింజలు కుప్ప పోయాలి. సూరినాం దగ్గరికొచ్చేసరికి గింజ కూడా పట్టదు, పెసరబద్ద చాలు. ఆ దేశం వైశాల్యం దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంతే, సుమారు 1.63 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం ఆరు లక్షల పైచిలుకు. మన రాష్ట్రానికైతే 50 గింజలు కావాలి. ఎందుకింత తేడా అని పిల్లలే అడుగుతారు. అక్కణ్ణుంచి పాఠం దానంతటదే నడుస్తుంది.

ఒంగోలు ట్యూషన్ మాస్టారు

వినడానికి బాగుంది సార్. పదో తరగతిలో మ్యాప్ పాయింటింగ్ ఉంది, అందులో పెసలు అడగరు. దేశం ఎక్కడుందో గుర్తించలేని పిల్లాడికి దాని జనసాంద్రత చెప్పడం, ఇంటి నంబరు తెలియకుండా ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో లెక్కగట్టినట్టు. ముందు పేర్లు నోటికి రావాలి. ఎనిమిదిలో పేర్లు పడకపోతే పదిలో నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. ఈ మాట సరదాకి అనడం లేదు.

ఇంకోటి. ఈ యాక్టివిటీకి ఎన్ని పీరియడ్లు? సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

పొదిలి అమ్మ

మాస్టారూ, పేర్లు నోటికొస్తే సరిపోతుందంటున్నారు గదా, మా పాప సంగతి వినండి. బొలీవియా రాజధాని సూక్రే అని రాస్తే స్కూల్లో కొట్టేశారు, లాపాజ్ అని రాయాలట. గైడులో సూక్రే అనే ఉంది. ఇంట్లో నేను, మావారు, పాప ముగ్గురం కూర్చుని వాదించుకున్నాం. చివరికి చదివితే తేలిందేమిటంటే, రాజ్యాంగం ప్రకారం సూక్రే, ప్రభుత్వం, పార్లమెంటు ఉండేది లాపాజ్‌లో. ఇంత కథ ఉన్నదాన్ని ఒక్క ముక్క సమాధానంగా ఎందుకు అడుగుతారు? పాపకు మార్కు పోయినందుకు కాదు, రెండు రాజధానులు ఎందుకున్నాయో ఒక్కరూ చెప్పనందుకు నాకు కోపం.

అట్లాగని పేర్లు వద్దనను. పేపర్లో వెనిజులా అని వస్తే అది ఏ వైపుందో పిల్లకు తెలియాలి గదా.

ముత్తుకూరు రొయ్యల రైతు

మీరంతా చదువుకున్నోళ్ళు, మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా వాడికి దక్షిణ అమెరికాలో ఒక్క దేశం బాగా తెలుసు, ఈక్వెడార్. స్కూల్లో చెప్పింది కాదు. గుంట మీద ఏజెంటు 30 కౌంట్ (కిలోకు 30 తూగే రొయ్య) ధర తగ్గించి చెప్పినప్పుడల్లా "ఈక్వెడార్ సరుకు బో దిగిందన్నా" అంటాడు. మా వాడు పక్కనే నిలబడి వింటాడు. మనం వేసే వనామీ రొయ్యే వాళ్ళూ వేస్తారు. అసలు అది ఆ పసిఫిక్ తీరం రొయ్యే, మనకు తర్వాత వచ్చింది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మనకు పడినంత వాళ్ళకు పడలేదు, ఇక్కడ గుంటలు ఎండబెట్టుకున్నోళ్ళు ఉన్నారు.

నేనడిగేదేందంటే, ఈక్వెడార్ పాఠంలో రొయ్య ఉందా? రాజధాని క్విటో అని ఉంది, 2,850 మీటర్ల ఎత్తున కొండల్లో ఉందని ఉంది. మంచిదే. గుంటలు మాత్రం కింద సముద్రం పక్కన, గుయాకిల్ వైపు ఉన్నాయి. ఆ పటం ఎవరైనా చూపిస్తే మా వాడు నిద్రపోకుండా వింటాడు.

తిరుపతి జాగ్రఫీ విద్యార్థి (సొంతూరు ఉదయగిరి)

కావలి సార్ పద్ధతి నాకు ఇష్టమే. కానీ ఒక ప్రమాదం ఉంది, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

గింజ పది లక్షలు అనుకోగానే అమెజాన్ అడవి ఖాళీ అయిపోతుంది. పిల్లలు అక్కడ మనుషుల్లేరని రాసుకుంటారు. కానీ అడవి నడుమ నది ఒడ్డున మనౌస్ ఉంది, 20 లక్షల నగరం, అక్కడ రెండు గింజలు పడాలి. 2022 జనగణనలో బ్రెజిల్ ఆదివాసులు సుమారు 17 లక్షలు. వాళ్ళలో చాలామంది అమెజాన్‌లో చిన్న చిన్న గూడేలుగా ఉన్నారు. గింజకు వాళ్ళెవరూ కనపడరు. ఇది చిన్న విషయం కాదు. 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ అడ్డంగా హైవే మొదలుపెట్టినప్పుడు చెప్పిన మాటే ఇది: అక్కడ మనుషుల్లేని భూమి ఉంది, ఇక్కడ భూమి లేని మనుషులున్నారు, తీసుకెళ్ళి నింపుదాం. ఖాళీ అని పటంలో చూపించినచోటికి రోడ్డు వచ్చింది, రోడ్డు వెంట పశువుల మందలు వచ్చాయి.

ఆ పశువులేమిటో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు తప్పకుండా చెప్పాలి. అవి మనవే. బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని పిలిచేది మన ఒంగోలు జాతినే. ఒకప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. బ్రెజిల్‌లో మనుషులకంటే పశువులే ఎక్కువ, 20 కోట్లు దాటాయి. మాంసానికి పెంచేవాటిలో అధికభాగం నెలోర్, లేదా దాని సంకరాలు. మందలు ఎక్కువున్న రాష్ట్రం మాతో గ్రోసో, అడవి అంచున ఉంది. ఇక్కడ దుక్కికి, పందేలకు పెంచుకున్న మూపురం ఎద్దు అక్కడ అడవి నరికివేత లెక్కల్లో కనపడుతుంది. జనం పటం మీద పశువుల పటం, దాని మీద అడవి తగ్గిన పటం పెట్టి చూపించండి. ట్రేసింగ్ పేపరు చాలు.

ఒంగోలు ట్యూషన్ మాస్టారు

తమ్ముడూ, ఒంగోలు గిత్త గురించి ఒంగోలు వాడికి నువ్వు చెప్పనక్కర్లేదు. గిత్త కథ చెబితే క్లాసు చప్పట్లు కొడుతుంది, మర్నాడు మాతో గ్రోసో ఎక్కడుందంటే దిక్కులు చూస్తుంది. కథ గుర్తుంటుంది, చోటు గుర్తుండదు. నా అనుభవం ఇదే.

ఆ ఆదివాసుల మాట మాత్రం ఒప్పుకుంటా.

కావలి సోషల్ టీచర్

ఉదయగిరి తమ్ముడి అభ్యంతరం సరైనదే. దానికి గింజలు మానేయక్కర్లేదు, రెండో పొర పెడదాం. గింజలు సర్దడం అయ్యాక ఆదివాసుల ప్రాంతాలను ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టమంటాను. గింజ లేని చోట గీతలు కనపడతాయి. "ఇక్కడ గింజ ఎందుకు లేదు?" అని అడిగితే పటానికీ హద్దు ఉందని వాళ్ళకే అర్థమవుతుంది.

మాస్టారి మాటకొస్తాను. చోటు గుర్తుండాలంటే ఆ చోటుకు ఒక కారణం ఉండాలి. మన జిల్లా సంగతే చూడండి. కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ కనపడదు, ఉదయగిరి మెట్టలో మైళ్ళకు మైళ్ళు సర్కారు తుమ్మ తప్ప ఏముంది? పెన్నా నీళ్ళు అందినచోట జనం చేరారు. ఇది పిల్లలకు కళ్ళెదుట ఉన్నదే. ఇది తెలిసినవాడికి లిమా వింతగా అనిపిస్తుంది. లిమా ఎడారి తీరం, వాన దాదాపు పడదు, అయినా పెరూ జనంలో సుమారు మూడోవంతు అక్కడే. ఎందుకు? కొండల మీద నుంచి దిగే నదులు, రేవు, స్పెయిన్ వాళ్ళు పాలనకు తీరాన్ని ఎంచుకోవడం. ఇంత చెప్పాక లిమా ఎక్కడుందో మర్చిపోయేవాణ్ణి నాకు చూపించండి.

బ్రెజిల్ సంగతి ఇంకా తమాషా. తీరంలో కిక్కిరిసిన జనాన్ని లోపలికి లాగాలనే 1960లో రాజధానిని రియో నుంచి బ్రసీలియాకు మార్చారు. గింజలు సర్దిన పిల్లవాడికి ఆ నిర్ణయం వెంటనే అర్థమవుతుంది. పేర్లు మాత్రం బట్టీ పట్టినవాడికి బ్రసీలియా ఇంకో బిట్టు, అంతే.

సూరినాం, గయానా కూడా వదలకూడదు. 1838 నుంచి గయానాకు, 1873 నుంచి సూరినాంకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో చెరకు తోటలకు తీసుకెళ్ళారు. గయానా జనంలో ఇప్పటికీ సుమారు 40 శాతం ఆ సంతతే. నూటికి దాదాపు 90 మంది ఉండేది సన్నటి తీరప్రాంతంలో, కట్టలు కట్టి సముద్రాన్ని ఆపిన నేల మీద.

పొదిలి అమ్మ

సార్, మీ క్లాసులో 60 మంది ఉంటే 430 గింజలు ఎవరి చేతిలో పెడతారు? ముందు బెంచీ వాళ్ళు సర్దుతారు, వెనకవాళ్ళు చూస్తారు. మా పాప వెనక బెంచీనే.

కావలి సోషల్ టీచర్

ఆరుగురికి ఒక చార్టు అమ్మా. గింజకు 50 లక్షలు పెడితే జట్టుకు 90 లోపే సరిపోతాయి. కాకపోతే సూరినాం, గయానా రెండూ గింజకు అందకుండా పోతాయి, వాటిని చివర్లో బోర్డు మీద విడిగా చెబుతాను. ముత్తుకూరు అన్న అడిగిన రొయ్యల గుంటలు కూడా అప్పుడే.

ఒంగోలు ట్యూషన్ మాస్టారు

శనివారం అవుట్‌లైన్ మ్యాపు పరీక్ష పెడతారా లేదా, అది చెప్పండి ముందు.

కావలి సోషల్ టీచర్

రెండో శనివారం సెలవు, మూడో శనివారం పెడతా. 12 దేశాలూ అడుగుతా. బొలీవియాకు రెండు రాజధానులు రాసినా మార్కు వేస్తా.