అప్‌డేట్: వైబ్రాటో మళ్లీ బతికింది

నా పాట రికార్డింగుకు పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) పెట్టగానే దీర్ఘస్వరాల్లో నా వైబ్రాటో (స్వరంలోని సహజమైన ఊపు) పోయి, గొంతు మెట్లెక్కి దిగుతున్నట్టు వినిపిస్తోందని ఇంతకుముందు అడిగాను. సమస్య తీరింది.

కారణం రీట్యూన్ స్పీడ్, అంటే స్వరాన్ని ఎంత త్వరగా సరిచేయాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే సెట్టింగ్. సహజమైన వైబ్రాటో సెకనుకు దాదాపు 5 నుంచి 7 సార్లు ఊగుతుంది. ఆ సెట్టింగ్ సున్నా మిల్లీసెకన్ల దగ్గర ఉంటే సాఫ్ట్‌వేర్ ఊపునంతా అపస్వరంగా లెక్కగట్టి చదును చేస్తుంది. ఊపు మరీ వెడల్పైతే పక్క స్వరానికి గెంతుతుంది. ఆ మెట్ల శబ్దం అదే!

స్పీడ్ తగ్గిస్తే, అంటే మిల్లీసెకన్లు పెంచితే, కొంత నయమైంది. అసలు మేలు చేసింది మాత్రం మెలోడైన్ అనే మరో శ్రుతి సవరణ సాఫ్ట్‌వేర్. అందులో పిచ్ డ్రిఫ్ట్ (స్వరం మెల్లగా పక్కకు జారడాన్ని సవరించేది), పిచ్ మాడ్యులేషన్ (వైబ్రాటో లాంటి వేగమైన ఊపును సవరించేది) వేర్వేరు పనిముట్లు. మొదటిదాన్ని మాత్రమే తగ్గించి, రెండోదాన్ని ముట్టుకోలేదు. స్వరం నిలబడింది, ఊపు నాదిగానే మిగిలింది.

గొంతు పరీక్ష చేయించుకోమన్నవారికి: సరిచేయని రికార్డింగులో ఆ మెట్లు లేవు. ముందు దాన్ని వినమన్నవారికి ఎంతో కృతజ్ఞతలు.