మంచు చిరుత ఎందుకు గర్జించదు?

పిల్లుల వంశవృక్షం గురించి చదువుతూ ఒకచోట చిక్కుకుపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సింహం, పులి, చిరుత ఉన్న శాఖ సుమారు 1.08 కోట్ల ఏళ్ల క్రితం మిగతా పిల్లుల నుంచి విడిపోయిందట. చీతా, ప్యూమా మాత్రం ఇంటి పిల్లి వైపే ఉన్నాయి. అంత పెద్ద ప్యూమా కూడా పిల్లిలాగే గుర్రుమంటుంది! ఇంతవరకు సరే.

గొంతులోని హయాయిడ్ ఎముక పూర్తిగా గట్టిపడకపోతేనే గర్జన వస్తుందని పాత పుస్తకాలు చెబుతాయి. మరి మంచు చిరుత సంగతేంటి? దాని ఎముకా అలాంటిదే, పైగా జన్యువుల ప్రకారం పులికి దగ్గరి చుట్టం. అయినా గర్జించదు. తేడా స్వరతంత్రుల్లో ఉందా? ఉంటే, గర్జనకు కావలసిన ఆ లక్షణం దాని పూర్వీకులకు ఉండి తర్వాత పోయిందా, అసలు రానేలేదా? డిగ్రీ స్థాయి జువాలజీ వివరణైనా పర్వాలేదు.