ఏజెన్సీ బోర్డు తిప్పేస్తే జీతం ఎవరివ్వాలి?

గోదారిగట్టు:
మా అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 9 ఏళ్లు హౌస్‌కీపింగ్ చేసింది. ఈ 9 ఏళ్లలో నాలుగు ఏజెన్సీలు మారాయి, వార్డు మాత్రం మారలేదు. ఏజెన్సీ మారిన ప్రతిసారీ కొత్తగా చేరినట్టు రాసుకున్నారు. అందుకని ఎవరి దగ్గరా ఐదేళ్లు నిండలేదు, గ్రాట్యుటీ రాదన్నారు. ఆఖరి ఏజెన్సీ మూడు నెలల జీతం ఎగ్గొట్టి ఆఫీసుకు తాళం వేసుకుపోయింది. జీతంలో పట్టిన 12 శాతం పీఎఫ్ కూడా పాస్‌బుక్‌లో పడలేదు. ఆసుపత్రి హెచ్‌ఆర్‌ని అడిగితే "ఆవిడ మా ఉద్యోగి కాదు" అన్నారు. పని చేయించుకున్నవాళ్లకు పూచీ లేదా?

బెజవాడ76:
వింటే బాధగా ఉందండీ. కానీ అమ్మగారిని పనిలో పెట్టుకున్నది ఏజెన్సీ. ఆసుపత్రి నెలనెలా బిల్లు కట్టేసి ఉంటే మళ్లీ జీతం ఎందుకివ్వాలి? ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టమంటే ఎలా? ఇంతకీ ఐడీ కార్డు ఎవరి పేరు మీద ఉంది?

చలివేంద్రం:
మా చెల్లెలికీ ఇదే జరిగింది. లేబర్ ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగింది.

నల్లకోటు:
దీనికి జవాబు చట్టంలోనే ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21(4) ప్రకారం కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే పని చేయించుకున్న సంస్థ, ఇచ్చి తీరాలని ఉండేది. తర్వాత ఆ సొమ్ము కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. అసలు జీతాలు పంచేటప్పుడు సంస్థ మనిషి దగ్గరుండి, ఇంత ఇచ్చారని సంతకం పెట్టాలని కూడా ఆ చట్టంలో ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఈ పూచీ పోలేదు. ఏజెన్సీ బిల్లు కట్టేశాం అన్నది జవాబు కాదు.

బెజవాడ76:
చట్టం సంగతి తర్వాత. కార్డు గురించి అడిగాను, చెప్పలేదు.

గోదారిగట్టు:
ముందు వైపు ఆసుపత్రి లోగో, రంగు, అంతా వాళ్లదే. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏజెన్సీ పేరు. రోగి బంధువులు కార్డు చూసి "ఆసుపత్రి ఆవిడ" అనే పిలిచేవారు. చీర కూడా వాళ్లు చెప్పిన రంగే.

బెజవాడ76:
అంటే వెనక ఏజెన్సీ పేరు ఉంది. అదే నేనంటున్నది.

పాతికేళ్ల_సర్వీసు:
నేను పర్మనెంట్ స్టాఫ్‌ని, వేరే ఆసుపత్రి. ఎగ్గొట్టిన జీతం ఇప్పించడం సబబే. కానీ ఇలా మొదలై చివరికి అందరినీ రోల్స్‌లోకి, అంటే ఆసుపత్రి సొంత ఉద్యోగులుగా, తీసుకోమనే దాకా వెళ్తుంది. మేం నర్సింగ్ చదివి, ఇంటర్వ్యూలు దాటి వచ్చాం. ఆ కష్టానికి విలువ ఉండాలి కదా. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో సుప్రీంకోర్టు కూడా కాంట్రాక్టు కార్మిక పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన వాళ్లంతా దానంతటదే సంస్థ ఉద్యోగులైపోరని చెప్పింది.

గోదారిగట్టు:
రోల్స్ అడిగానా? ఎక్కడ అడిగానో చూపించండి. మూడు నెలల జీతం అడిగాను. 2016లో సుప్రీంకోర్టు పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో సమాన పనికి సమాన వేతనం అంది. నేను అంతదాకా కూడా వెళ్లలేదు.

నల్లకోటు:
ఆ తీర్పు ప్రభుత్వం నేరుగా పెట్టుకున్న తాత్కాలిక ఉద్యోగుల గురించి. ఏజెన్సీ మనుషులకు నేరుగా అతకదు. దాన్ని పట్టుకుంటే మీ కేసే బలహీనపడుతుంది.

బెజవాడ76:
అందరూ ఏజెన్సీలను దొంగల్లా చూస్తున్నారు కాబట్టి చెప్తున్నాను. నేను 42 మందితో మ్యాన్‌పవర్ ఏజెన్సీ నడిపాను. ఒక పెద్ద ఆసుపత్రి ఐదు నెలలు నా బిల్లు ఆపింది. నా దగ్గర పనిచేసేవాళ్ల జీతం ఒక్క నెల ఆపలేదు. మా ఆవిడ గాజులు, నెక్లెస్ తాకట్టు పెట్టి ఇచ్చాను, ఇంకా విడిపించలేదు. టెండరులో ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే ఇస్తారు. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే ఆ రేటుకు కుదరదని వాళ్లకూ తెలుసు. తెలిసే సంతకం పెడతారు. పూచీ అంతా ఆసుపత్రి మీద పెడితే రేపు కోట్ల గ్యారంటీ చూపించే పెద్ద కంపెనీలకే పని దొరుకుతుంది, మాలాంటి వాళ్లం మూసుకోవాలి.

గోదారిగట్టు:
తెలిసే సంతకం పెట్టారని మీరే అంటున్నారు! మీ డబ్బు ఆపిన చోటికి వెళ్లి అడగకుండా ఇక్కడ మా అమ్మ కార్డు వెనక అక్షరాలు లెక్కపెడతారా? మీ ఇంట్లో బంగారం పోయింది, నాకు అర్థమైంది. మా ఇంట్లో పోయింది వేరు. ఇంతవరకు చెప్పలేదు. ఒకరోజు ఎర్ర సంచీలో ఎవరో సూది వేశారు. సూదులు తెల్ల డబ్బాలో వేయాలి. అమ్మ వేలికి గుచ్చుకుంది. క్యాజువాలిటీకి వెళ్తే "ఏజెన్సీ స్టాఫ్ కదా, మీ సూపర్‌వైజర్‌ని రమ్మను" అన్నారు. సూపర్‌వైజర్ మర్నాడు వచ్చాడు. అదే రోజు అదే వార్డులో ఒక సిస్టర్‌కి గుచ్చుకుంటే ఇంజెక్షన్, రక్త పరీక్ష అన్నీ గంటలో అయ్యాయి. అమ్మకు జబ్బేమీ రాలేదు. కానీ ఆరు నెలలు నిద్రపోలేదు. జీతం కంటే నన్ను ఇదే తినేస్తోంది. తొమ్మిదేళ్లు కడిగించుకుని, రక్తం వచ్చిన రోజు పరాయిదాన్ని చేశారు.

చలివేంద్రం:
చదివాక మాట రావట్లేదు.

పాతికేళ్ల_సర్వీసు:
ఆ వరస మా దగ్గరా ఉంది. నేను చూశాను, నోరెత్తలేదు. రోల్స్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా మొదటి రెండు గంటల్లో మందు వేస్తే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదని మాకు ట్రైనింగ్‌లో చెప్తారు. ఆ ట్రైనింగ్‌కి హౌస్‌కీపింగ్ వాళ్లను ఎప్పుడూ పిలవలేదు.

నల్లకోటు:
పిలవాలి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించి శిక్షణ ఇవ్వాల్సింది ఆసుపత్రే. ఏజెన్సీ మనిషా, సొంత మనిషా అన్న తేడా అందులో లేదు. అమ్మగారికి టీకా వేశారా?

గోదారిగట్టు:
లేదు. అలాంటిదొకటి ఉంటుందనే మాకు తెలియదు.

బెజవాడ76:
సూది మాట ముందే చెప్పి ఉంటే కార్డు గురించి అడిగేవాణ్ని కాదండీ. నా దగ్గర పనిచేసిన 42 మందికీ నేను టీకా వేయించలేదు. ఆసుపత్రి చూసుకుంటుందనుకున్నాను. రేట్ల విషయంలో నా మాట నాదే. ఒకటి చెప్పండి, రోజూ హాజరు పట్టీ మీద సంతకం పెట్టేది ఎవరు? ఆసుపత్రి ఇన్‌చార్జ్ అయితే ఆ మూడు నెలల పట్టీల ఫొటోలు ఎవరి ఫోన్లోనైనా ఉన్నాయేమో అడగండి. వాటితోనే మేం బిల్లు పెట్టేవాళ్లం.