22 యూనిట్లు ఎక్కువ కాలితే బిల్లు 346 రూపాయలు పెరుగుతుందా?

ఉప్పల్_పైఅంతస్తు:
అందరికీ నమస్తే. ఉప్పల్‌లో అద్దెకుంటాం, నలుగురం. ఏసీ లేదు. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, టీవీ, 15 లీటర్ల గీజర్, అంతే. పోయిన నెల 192 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 781.60 వచ్చింది, ఈ నెల 214 యూనిట్లకి 1,127.80! మీటర్ పాడైందా? ఇంట్లో ఒక్కరి జీతమే, బిల్లు చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా అత్తమ్మ అయితే చెమటలు కారుతున్నా మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి కూర్చుంటున్నారు. ఎక్కడ తగ్గించాలో చెప్పండి ప్లీజ్.

మీటర్_రీడింగ్:
అక్కా, లెక్క సరిగ్గానే ఉంది. తెలంగాణలో 200 లోపు ఉంటే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. 200 దాటితే ఆ రేట్లు పోయి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 200 పైన 300 దాకా కాలినదానికి 7.70. అంటే 200 దగ్గర ఆగితే 820, ఒక్క యూనిట్ దాటినా 1,027.70. అందుకే రీడింగ్ తీసిన రోజు అంకె క్యాలెండర్ మీద రాసుకుని పదిహేనో రోజు మళ్లీ చూడండి, వంద దాటేసి ఉంటే ఆ మిగతా సగం జాగ్రత్త పడొచ్చు. ముందు అత్తమ్మగారికి ఫ్యాన్ వేయండి. పాత 75 వాట్ల ఫ్యాన్ రోజూ నాలుగు గంటలు తిరిగినా నెలకి 9 యూనిట్లే, దానికోసం పెద్దావిడ ఉక్కపోతలో కూర్చోవద్దు.

బోడుప్పల్_అమ్మ:
మాకు గృహజ్యోతి (200 యూనిట్ల లోపు కరెంటు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ పథకం) ఉంది కాబట్టి ఈ 200 గీత గురించి నాకు బాగా తెలుసు, దాటిన నెల బిల్లు మొత్తం మనమే కట్టుకోవాలి. మా ఇంట్లో గీజరే తినేసేది. 2000 వాట్లది, అరగంట వేస్తే ఒక యూనిట్. పొద్దున వేసి మర్చిపోతే నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ కాగుతూనే ఉంటుంది. ఇప్పుడు వేడయ్యాక స్విచ్ ఆపేసి, ఒకరి తర్వాత ఒకరం వెంటనే స్నానాలు కానిచ్చేస్తాం.

వైరింగ్_పని:
ఫ్యాన్లు పాడైనప్పుడు బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్నవి) తీసుకోండి, 30 వాట్ల దగ్గరే తిరుగుతాయి, బాగున్నవాటిని మాత్రం ఇప్పుడే పారేయకండి. దానికంటే ముందు ఒక పని చేయండి. ఇంట్లో మెయిన్ ఎంసీబీ (ఇల్లంతటికీ కరెంటు ఆపే స్విచ్) దించేసి కిందికెళ్లి మీ మీటర్ మీద ఎర్ర లైటు చూడండి. పక్కన 3200 ఇంపల్స్ అని రాసి ఉంటే, 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట. అన్నీ ఆపేశాక కూడా వెలుగుతుంటే మీ కరెంటు ఎవరో వాడుతున్నట్టు, లేదా ఎక్కడో లీకవుతున్నట్టు. వైర్ల మీద మాత్రం మీరు చెయ్యి వేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఉప్పల్_పైఅంతస్తు:
అన్నా, నిన్న మధ్యాహ్నం చూశాను. ఎంసీబీ దించినా లైటు వెలుగుతూనే ఉంది! ఫోన్‌లో టైం పెట్టుకుని చూస్తే సరిగ్గా 30 సెకన్లకోసారి. మా ఆయన లెక్కేస్తే గంటకి 120 సార్లు, నెలకి 27 యూనిట్లు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు పట్టుకుని చూసుకుంటూ పోతే మెట్ల దగ్గర సీసీ కెమెరాల డబ్బాకి చేరింది. అవి పెట్టించింది పోయిన నెలాఖరునే, కనెక్షన్ మా మీటర్ నుంచి లాగారు. ఓనర్ గారికి చూపిస్తే ఆయనకీ తెలియదట, ఈ ఆదివారం కామన్ మీటర్‌కి మార్పిస్తానన్నారు. మార్చాక మళ్లీ ఎంసీబీ దించి లైటు చూస్తాను. అత్తమ్మకి మీ మాట చదివి వినిపించాను, ఫ్యాన్ వేసుకుని పడుకున్నారు.



వైరింగ్_పని:
మంచి పని చేశావమ్మా. మార్చిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కి కూడా పంపు, ఈ నెల కాలిన ఆ 27 యూనిట్ల సంగతి అప్పుడే మాట్లాడుకోండి.